గోడ మీది పులికి కాగితం ఉంది, గూడెంలో కొమ్ముకి లేదు

పండగలు దగ్గరపడితే, పెళ్లిళ్ల కాలం వస్తే కోయ గూడేల్లో ఒక మాట వినపడుతుంది. తాతల నాటి కొమ్ములు పుచ్చిపోయాయి, కొత్తవి ఎక్కడన్నా దొరుకుతాయా? డబ్బులిచ్చయినా సరే, కేసు లేకుండా కొనుక్కునే దారి ఏదన్నా ఉందా? అడిగేది ఎక్కువగా కుర్రాళ్లే. చదువుకున్నోళ్లు, చట్టం అంటే భయం ఉన్నోళ్లు, అలాగని ఆట వదులుకోలేనోళ్లు.

దానికి సూటి జవాబు ముందే చెప్పేస్తాను. లేదు. మన దేశంలో అడవిదున్న కొమ్ము, పులి తోలు, చిరుత గోరు, కృష్ణజింక తల, ఏనుగు దంతం వంటివి డబ్బులిచ్చి చట్టబద్ధంగా కొనుక్కునే దారి లేదు. ఎంత పాతదైనా లేదు. ఎంత పెద్ద షాపులో పెట్టినా లేదు. అమ్మేవాడు ఏ కాగితం చూపించినా లేదు.

కానీ మిత్రులారా, ఈ "లేదు" అనే మాట అందరి తలుపు మీదా ఒకేలా పడటం లేదు. ఒకరింట్లో గోడ మీద పులి తల యాభై ఏళ్లుగా వేలాడుతూ ఉంటుంది, ఎవరూ అడగరు. ఇంకొకరింట్లో అటక మీద కొమ్ముల జత ఉంటే సోదా జరుగుతుంది. రెండూ అడవి నుంచి వచ్చినవే. తేడా ఒక్క కాగితం. ఆ కాగితం ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నదే ఇవాళ మాట్లాడుకోవాల్సిన సంగతి.

ట్రోఫీ ఎవరి మాట?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "ట్రోఫీ" అనే మాట ఉంది. మన పిల్లలకి ట్రోఫీ అంటే వాలీబాల్ టోర్నమెంటులో ఇచ్చే కప్పు. చట్టంలో దాని అర్థం వేరు. అడవి జంతువు శరీరంలో దాచి ఉంచిన ఏ భాగమైనా ట్రోఫీనే. తోలు, ఎముక, కొమ్ము, గోరు, పన్ను, వెంట్రుక, ఈక, గుడ్డు, గూడు, చివరికి తేనెపట్టు కూడా ఆ జాబితాలో రాశారు. ఒలిచిన తోలు లోపల అచ్చు పెట్టి, గాజు కళ్లు అమర్చి, బతికున్నట్టు నిలబెట్టే పనిని టాక్సిడెర్మీ అంటారు. అలా నిలబెట్టిన బొమ్మ కూడా ట్రోఫీనే.

ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో చూడండి. వేటకెళ్లి తుపాకీతో కొట్టి, కాలు దాని మీద పెట్టి ఫోటో దిగిన దొరల మాట అది. కోయల పెర్మకోకులో మగవాళ్లు కొమ్ముల తలపాగా పెట్టుకుని, డోలు కొడుతూ, దున్నల్లా ఒకరినొకరు ఢీకొంటూ ఆడతారు. ఆ కొమ్ము తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. దాన్ని ఎవరూ డ్రాయింగ్ రూములో వేలాడదీయరు, అమ్మకానికి పెట్టరు, రేటు కట్టరు. అయినా చట్టం పుస్తకంలో దొర గోడ మీది పులికీ, మన తలపాగా మీది కొమ్ముకీ పేరు ఒక్కటే. ట్రోఫీ.

ఆ దొరల లెక్క కొంచెం చూద్దాం. మైసూరులో వాన్ ఇంగెన్ అండ్ వాన్ ఇంగెన్ అని ఒక టాక్సిడెర్మీ కంపెనీ ఉండేది. 1900 ప్రాంతంలో మొదలై 1999లో మూతపడింది. మహారాజులు, బ్రిటిష్ అధికారులు, విదేశీ వేటగాళ్లు కాల్చిన జంతువుల్ని అక్కడికి పంపేవాళ్లు. ఆ ఒక్క కంపెనీలో బొమ్మలుగా, రగ్గులుగా తయారైన పులులు, చిరుతలు 43,000కి పైనే. ఇప్పుడు ఇంకో అంకె దాని పక్కన పెట్టండి. 1972లో దేశమంతా లెక్కపెడితే మిగిలిన పులులు 1,827.

మన దగ్గర కూడా తక్కువేం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులి వేటకి పేరుమోసినవాడు. ఆ వేటల్లో అడవి చుట్టూ నిలబడి, డప్పులు కొట్టి, అరిచి, జంతువుని తుపాకీ ముందుకి తోలేది ఎవరు? అడవి పక్క ఊళ్లోళ్లే. కాల్చిన చేయి ఒకరిది, తోలిన చేయి ఇంకొకరిది. గోడ మీదికెక్కిన తల మాత్రం కాల్చినాయన సొంతం. అడవి ఖాళీ అయ్యాక వచ్చిన చట్టానికి అనుమానితుడు ఎవరయ్యా అంటే ఆ డప్పు కొట్టినోడి మనవడు.

కాగితం ఎవరికి అందింది

చట్టం కొత్తలో ఒక గడువు పెట్టింది. రక్షిత జంతువుల తోళ్లు, కొమ్ములు, బొమ్మలు ఎవరి దగ్గరున్నా 30 రోజుల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి రాసిచ్చి ఓనర్‌షిప్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ముప్ఫై రోజులు! అప్పటి మన గూడేలకి రోడ్డు లేదు, బడి లేదు. చట్టం వచ్చిందన్న కబురే ముప్ఫై రోజుల్లో చేరని చోట్లు. బంగ్లాలున్నోళ్లకి వకీలు ఉన్నాడు, గుమస్తా ఉన్నాడు, పత్రిక ఇంటికొచ్చేది. వాళ్లు రాసిచ్చారు, కాగితం తెచ్చుకున్నారు.

2003లో ఇంకో అవకాశం ఇచ్చారు. ఇంతకుముందు చెప్పనివాళ్లు 180 రోజుల్లో చెప్పుకుంటే కేసు ఉండదన్నారు. ఆరు నెలలు. ఐటీడీఏలు ఉన్నాయి, మండలాఫీసులు ఉన్నాయి. ఊరూరా తిరిగి, మీ కొమ్ములు రాయించుకోండి, ఇది ఆఖరి ఛాన్సు అని దండోరా వేయించి ఉంటే ఇవాళ ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. ఆ దండోరా విన్న పెద్దమనిషి మీ గూడెంలో ఒక్కరున్నారేమో అడిగి చూడండి.

ఆ తలుపులు మూసుకున్నాక మిగిలినవి ఇవీ. సర్టిఫికెట్ ఉన్నా సరే అమ్మడానికి వీల్లేదు. వారసత్వంగా మాత్రమే చేతులు మారాలి, అందిన 90 రోజుల్లో ఆ వారసుడు మళ్లీ రాసివ్వాలి. 2022 సవరణ తర్వాత వద్దనుకునేవాళ్లు ప్రభుత్వానికి అప్పగించొచ్చు, దానికి పైసా రాదు. ఇక సర్టిఫికెట్ లేనివాడి సంగతి సెక్షన్ 57లో ఉంది. వస్తువు నీ దగ్గర దొరికితే చాలు, అది అక్రమమనే కోర్టు అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది నువ్వే. షెడ్యూల్ 1 జంతువుదైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకి తగ్గని జరిమానా. అడవిదున్న షెడ్యూల్ 1లోనే ఉంది.

ఇప్పుడు ఆలోచించండి. ముత్తాత నుంచి తాతకి, తాత నుంచి నాయనకి వచ్చిన కొమ్ముకి బిల్లు ఎక్కడిది? తేదీ ఎక్కడిది? ఊరంతా సాక్ష్యం చెప్తుంది, ఆ కొమ్ము ఏ పండగలో ఎవరు పెట్టుకున్నారో ముసలమ్మలు పేర్లతో సహా చెప్తారు. కానీ ఆ సాక్ష్యానికి కోర్టులో ఒక కాగితం ముక్కకి ఉన్న విలువ లేదు.

కేరళలో రెండు కేసులు

ఇదంతా కులం కళ్లతో చూస్తున్నావు, చట్టం అందరికీ ఒకటే అనేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం కేరళ నుంచి రెండు సంగతులు.

2011లో నటుడు మోహన్‌లాల్ కొచ్చి ఇంట్లో ఆదాయపన్ను శాఖ సోదాలు చేస్తే ఏనుగు దంతాలు బయటపడ్డాయి. అటవీశాఖ కేసు పెట్టింది. తర్వాత ఏమైంది? 2015 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం ఆయన తన దగ్గరున్న దంతాల్ని రాసివ్వడానికి వీలుగా ఉత్తర్వు ఇచ్చింది. 2016లో ఓనర్‌షిప్ సర్టిఫికెట్లు వచ్చాయి. చట్టం ఇచ్చిన గడువులు ఎప్పుడో దాటిపోయినా ప్రభుత్వానికి ఒక దారి దొరికింది. సెక్షన్ 40లో నాలుగో ఉపసెక్షన్ అది. రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి, ఫలానా వస్తువులున్నవాళ్లు ఫలానా గడువులోగా రాసివ్వాలని కోరవచ్చు. 2025 అక్టోబరులో కేరళ హైకోర్టు ఆ ఉత్తర్వులూ, సర్టిఫికెట్లూ చెల్లవని తీర్పిచ్చింది. కారణం, వాటిని గెజిట్‌లో ప్రచురించలేదు.

అదే 2025 ఏప్రిల్‌లో, అదే రాష్ట్రంలో వేడన్ అనే దళిత రాపర్ మెడలో గొలుసు చూసి అటవీశాఖ అరెస్టు చేసింది. అందులో ఉన్నది చిరుత పన్ను అన్నారు. అభిమాని ఇచ్చిన బహుమతి, అదేంటో నాకు తెలియదు అని ఆయన చెప్పాడు. తర్వాత బెయిల్ వచ్చింది.

ఈ ఇద్దరిలో ఎవరు దోషి, ఎవరు కాదు అన్నది కోర్టుల పని. నేను చూపిస్తున్నది వేరు. ఒక ఇంటి దంతాల కోసం ప్రభుత్వం చట్టంలో కిటికీ వెతికింది. ఒక మెడలో పన్ను కోసం జీపు వచ్చింది. ఆ కిటికీ చట్టంలో ఉందని మనకి తెలిసింది కూడా ఆ కేసు వల్లే. దాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

లండన్‌లో కొనొచ్చు, గూడెంలో ఉంచుకోకూడదు

ఇంకో విడ్డూరం ఉంది. బ్రిటన్‌లో పులి లాంటి జంతువుల వస్తువుల అమ్మకానికి అనుమతి కావాలి. కానీ 1947 మార్చి 3కి ముందు తయారైన పాతవాటికి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు, పురాతన వస్తువు కింద మినహాయింపు. అందుకే మైసూరు వాన్ ఇంగెన్ వాళ్లు చేసిన పులి తలలు ఇప్పటికీ అక్కడి వేలంపాటల్లోకి వస్తుంటాయి. కొనుక్కున్నాయన దర్జాగా ఇంటికి తీసుకెళ్తాడు.

అంటే మన అడవిలో కాల్చిన పులిని, మనల్ని వలస పాలన చేసిన దేశంలో, ఇవాళ చట్టబద్ధంగా కొనుక్కోవచ్చు. "పాతది" అనే ఒక్క మాట అక్కడ రక్ష. మన కొమ్ము అంతకంటే పాతదైనా ఆ మాట మనకి పనిచేయదు. పాతదని రుజువు చేసే రసీదు మన దగ్గర ఉండదు కదా.

ఇంకా దగ్గరగా చూడండి. ఆదివాసీ దినోత్సవం వస్తే స్టేజీ మీద స్వాగతానికి కొమ్ము నృత్యం కావాలి. నాయకుడు వస్తే ఆ తలపాగా ఆయన నెత్తిన పెట్టి ఫోటో తీయాలి. టూరిజం పోస్టర్లో కొమ్ముకోయల బొమ్మ ఉండాలి. మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఒక జత ఉండాలి. కొమ్ము ప్రదర్శనకి పనికొస్తుంది. అదే కొమ్ము ఆడినవాడి ఇంటి అటక మీద ఉంటే నేరానికి సాక్ష్యం అవుతుంది. ఇది ఎక్కడి న్యాయం?

గోదావరి పక్కన పాపికొండల్ని ఇంగ్లీషువాళ్లు బైసన్ హిల్స్ అన్నారు. హైమెండార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద రాసిన పుస్తకం పేరులోనే ఆ దున్నల కొండలు ఉన్నాయి. ఆ కొండల్లో కోయలూ, కొండరెడ్లూ, అడవిదున్నలూ ఒకే అడవిని పంచుకుని బతికారు. ఇవాళ పోలవరం ముంపులో ఆ ఊళ్లు ఖాళీ అయ్యాయి, అడవి నీళ్లలోకి పోతోంది. జంతువు ఉండే చోటుని ముంచే ప్రాజెక్టుకి అనుమతులన్నీ వరసగా వచ్చాయి. ముంపు ఊరి నుంచి పునరావాస కాలనీకి సామాన్ల ట్రాక్టరులో కొమ్ములు తెచ్చుకోవడానికి మాత్రం ఏ అనుమతీ లేదు.

నెమలి ఈకకి ఇచ్చారు కదా

మినహాయింపు అడగడం అత్యాశ అనుకోవద్దు. ఈ చట్టంలోనే ఒకటి ఉంది. నెమలి షెడ్యూల్ 1 పక్షి, జాతీయ పక్షి. దాన్ని చంపితే జైలే. కానీ నెమలి తోక ఈకల్ని, వాటితో చేసిన వస్తువుల్ని వ్యాపార నిషేధం నుంచి తప్పించారు. ఎందుకంటే నెమలి ఏటా తోక ఈకలు తనంతట తాను రాలుస్తుంది. పక్షిని చంపకుండా ఈక దొరుకుతుంది.

అందుకే దండారి పండగకి ఆదిలాబాద్ గోండు గూడేల్లో గుస్సాడీలు నెమలి ఈకల టోపీతో భయం లేకుండా ఆడగలుగుతున్నారు. ఆ ఆటకే మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఈకల మినహాయింపు లేకపోయుంటే? పద్మశ్రీ అందుకున్న తలమీద టోపీనే పంచనామాలో ఎక్కేది.

మరి చంపకుండా దొరికే కొమ్ముకి ఆ ఆలోచన ఎందుకు లేదు? అడవిదున్న కొమ్ము రాలదు, నిజమే. కానీ ముసలితనంతో చచ్చేవి ఉంటాయి, రోగంతో చచ్చేవి ఉంటాయి, రోడ్డు మీద లారీ గుద్ది చచ్చేవి ఉంటాయి. సెక్షన్ 39 ప్రకారం అడవిలో చచ్చి దొరికిన జంతువు ప్రభుత్వ ఆస్తి. ఆ ఆస్తి చివరికి ఏమవుతుందో తెలుసా? అస్సాంలో 2021 సెప్టెంబరు 22న దాచిపెట్టిన 2,479 ఖడ్గమృగం కొమ్ముల్ని ఒకే రోజు కాల్చేశారు. స్మగ్లర్లకి కొమ్ముకి విలువ లేదని చెప్పడానికి కాల్చామన్నారు. ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ బూడిద చేయడం ఒక్కటే దారి అనడం మాత్రం ఒప్పుకోను.

వేరే చోట్ల ఏం చేశారు

అమెరికాలో గద్దల చట్టం 1940 నాటిది. గద్ద ఈక అమ్మడం, కొనడం అక్కడ నేరం. అక్కడి ఆదివాసీ తెగలకి గద్ద ఈక లేకుండా ప్రార్థన లేదు, వేడుక లేదు. వాళ్లు పోరాడారు. ఫలితంగా 1970ల్లో ప్రభుత్వమే ఒక భాండాగారం పెట్టింది. ఇప్పుడది కొలరాడోలో డెన్వర్ దగ్గర ఉంది, నేషనల్ ఈగల్ రిపాజిటరీ అంటారు. దేశంలో ఎక్కడ గద్ద చనిపోయినా అక్కడికి పంపుతారు. గుర్తింపు పొందిన తెగల సభ్యులు దరఖాస్తు పెట్టుకుంటే ఉచితంగా ఇస్తారు. అడిగేవాళ్లు ఎక్కువ, గద్దలు తక్కువ. కొన్ని రకాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఆ విసుగు వాళ్లకీ ఉంది. అయినా మూల సూత్రం గమనించండి. అక్కడ కూడా తెగల వాళ్లు ఈక అమ్ముకోవడానికి వీల్లేదు. బజారు లేదు, హక్కు ఉంది.

మన దేశంలోనే ఇంకో ఉదాహరణ. అరుణాచల్‌లో న్యిషీ తెగ మగవాళ్ల టోపీ మీద పెద్ద ఇరువాచి పక్షి ముక్కు ఉంటుంది. పక్షులు తగ్గిపోతున్నాయని అక్కడి పెద్దలతో మాట్లాడి, ఫైబర్ గ్లాసుతో అచ్చు అలాంటి ముక్కులే చేయించి పంచారు. చాలామంది మారారు. దక్షిణాఫ్రికాలో షెంబే చర్చి జులూ భక్తులు చిరుత తోలు కప్పుకుని నాట్యం చేస్తారు. వాళ్లకి అచ్చం చిరుత తోలులా కనపడే గుడ్డ వేల సంఖ్యలో ఇచ్చారు. అక్కడా మారారు. కొందరు పెద్దలు అసలుదే కావాలని పట్టుబట్టారు, అదీ సహజమే.

మన దగ్గరా కొన్ని గూడేల్లో పెంపుడు గేదె కొమ్ములు, చెక్క కొమ్ములు వచ్చేశాయి. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. మద్దెల, డోలు ఊళ్లో మేక తోలుతో మోగడం లేదా? పట్నంలో కచేరీల కంజీరాకి ఒకప్పుడు ఉడుము తోలే కట్టేవాళ్లు, ఇప్పుడు మేక తోలుతో వాయిస్తున్నారు, సంగీతం ఆగిపోలేదు. అయితే ఒక షరతు. మార్పు ఏదైనా కుల పెద్దలూ, ఆడేవాళ్లూ, ఆడవాళ్లూ కూర్చుని అనుకుని చేసుకోవాలి. రేంజర్ వచ్చి బెదిరిస్తే వచ్చే మార్పు, మార్పు అనిపించుకోదు. అది అవమానం.

మనం అడగాల్సింది

మనం వేట లైసెన్సు అడగడం లేదు. అది స్పష్టంగా చెప్పుకుందాం. 2006 అటవీ హక్కుల చట్టం కూడా మిగతా సంప్రదాయ హక్కులన్నీ ఒప్పుకుని, వేటనీ, అడవి జంతువు శరీర భాగం తీసుకోవడాన్నీ పక్కన పెట్టింది. దున్న బతికుంటేనే పెర్మకోకుకి అర్థం. దున్నలేని అడవిలో దున్న ఆట ఎవరి కోసం? అలాగే మనం బజారు కూడా అడగడం లేదు. కొమ్ము కొనుక్కునే షాపు మనకొద్దు. షాపు తెరిస్తే ముందు వచ్చేది మనం కాదు, డబ్బున్నోడు. ఆ తర్వాత అడవిలో తుపాకీ మోగుతుంది. చట్టం అమ్మకాన్ని ఆపడం సరైనదే.

అడగాల్సినవి మూడు.

మొదటిది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు సెక్షన్ 40(4) కింద, గెజిట్‌లో ప్రచురించి మరీ, ఆదివాసీల సంప్రదాయ వస్తువులు రాయించుకోవడానికి ప్రత్యేక నోటిఫికేషన్ ఇవ్వాలి. గడువు ముప్ఫై రోజులు కాదు, కనీసం రెండు పండగ కాలాలు ఉండాలి. మనుషులు ఆఫీసుకి పోవడం కాకుండా ఆఫీసే గూడేనికి రావాలి. పాతదనానికి రుజువు గ్రామసభ తీర్మానం కావాలి. 1996 పెసా చట్టం సెక్షన్ 4(డి) ఏమంటోంది? తన సంప్రదాయాల్నీ, సాంస్కృతిక గుర్తింపునీ కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకి ఉందంటోంది. మరి తన ఊరి కొమ్ము ఏ కాలం నాటిదో చెప్పే సామర్థ్యం దానికి లేదా? సర్టిఫికెట్ కూడా ఒక్క మనిషి పేరున కాకుండా ఊరి పేరున ఇవ్వాలి. అప్పుడు ఒకడు చనిపోతే ఇంకొకడు 90 రోజుల్లో పరిగెత్తే బాధ తప్పుతుంది. ఒకడు డబ్బుకి ఆశపడి అమ్మేసే భయమూ తప్పుతుంది.

రెండోది. సెక్షన్ 39(3)లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి ఉంటే ప్రభుత్వ ఆస్తి అయిన ట్రోఫీని ఇంకొకరి దగ్గర ఉంచవచ్చనే వీలు కనపడుతోంది. సహజంగా చనిపోయిన అడవిదున్నల కొమ్ముల్ని, నంబరు వేసి, ఫోటో తీసి, ఆట ఉన్న గూడేలకి సంరక్షణ కోసం అప్పగించాలి. ఆస్తి ప్రభుత్వానిదే ఉండనివ్వండి. ఆడేది మాత్రం మేమే. దీనికి చట్టం ఇంకా స్పష్టంగా కావాలంటే నెమలి ఈకకి రాసినట్టే ఒక వాక్యం రాయాలి.

మూడోది. చెక్క కొమ్ములు, గేదె కొమ్ములు, ఫైబర్ కొమ్ములు ఏవి కావాలో ఊరు తేల్చుకుంటే, తయారీకి ఐటీడీఏ డబ్బు ఇవ్వాలి, పని మన కుర్రాళ్లకే ఇవ్వాలి.

ఇలా ఇస్తే దొంగచాటుగా కొత్త కొమ్ములు తెచ్చి పాతవని రాయిస్తారు అనేవాళ్లున్నారు. అది ఉత్త అనుమానం అని కొట్టిపారేయను. అందుకే నంబరు, ఫోటో, కొలతలు, ఊరి తీర్మానం అన్నీ కావాలంటున్నా. ఇవాళ అసలు లెక్కే లేదు. ఏ గూడెంలో ఎన్ని కొమ్ములున్నాయో ప్రభుత్వానికి తెలియదు, కొత్తది ఏదో పాతది ఏదో తేల్చే దారీ లేదు. ఒకసారి లెక్క రాస్తే ఆ తర్వాత కలిసే ప్రతి కొత్త కొమ్మూ బయటపడుతుంది. లెక్క ఉంటే అడవికే మేలు.

ఇక మన ఇంటి మాట

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పుడు మనలో మనం ఒక మాట. మన ఊళ్లలో ఉచ్చులు పెట్టేవాళ్లు లేరని, పొలం చుట్టూ కరెంటు తీగ లాగేవాళ్లు లేరని నేను అనను. ఆ తీగకి దుప్పి పడుతుంది, పులి పడుతుంది, పశువులు కాసే మన మనిషీ పడతాడు. దీన్ని సంప్రదాయం పేరుతో వెనకేసుకు రావడం మానాలి.

ఇంకోటి. బైకు మీద పట్నం నుంచి ఒకడొస్తాడు. పులి గోరు ఉందా, అలుగు పెంకులు ఉన్నాయా, రెండు తలల పాము దొరుకుతుందా అని అడుగుతాడు. లక్షలంటాడు. అదృష్టం మారుతుందంటాడు. దొరికిన రోజు వాడి ఫోను స్విచాఫ్ అయిపోతుంది, పేపర్లో ఫోటో మాత్రం మీది వస్తుంది. వరసగా కూర్చోబెట్టి, ముందు తోలు పరిచి, వెనక ఆఫీసర్లు నిలబడి తీసే ఆ ఫోటోలు మీరు చూసే ఉంటారు. గమనించండి, నేల మీద కూర్చున్నవాళ్లలో ఆ తోలు చివరికి కొనే మనిషి ఎప్పుడూ ఉండడు. వాట్సాప్‌లో "లీగల్, సర్టిఫికెట్‌తో సహా" అని వచ్చే తోళ్ల ఫోటోలు కూడా నమ్మకండి. సర్టిఫికెట్ ఉన్న తోలుని కూడా అమ్మకూడదని చట్టమే చెప్తున్నప్పుడు, అమ్మకానికి పెట్టినోడే అది అక్రమమని ఒప్పుకున్నట్టు.

ఇంట్లో ఉన్న పాత వస్తువు గురించి ఎవరన్నా వచ్చి అడిగితే భయపడి పారేయకండి, కాల్చకండి. అలా చేసినా తప్పు పడుతుంది. ఊరి పెద్దలకి, గ్రామసభకి చెప్పండి. అటవీ అధికారి రాసుకున్న వాంగ్మూలం చదవకుండా, చదివించుకోకుండా సంతకం పెట్టకండి. ఈ చట్టంలో అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయి అధికారి పద్ధతి ప్రకారం తీసుకున్న వాంగ్మూలం కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. ఎస్టీలకి కేసు పడితే ఉచిత వకీలు ఇచ్చే బాధ్యత 1987 న్యాయసేవల చట్టం కింద జిల్లా న్యాయసేవాధికార సంస్థది. ఆదాయం ఎంత అని అడగరు. ఆ ఆఫీసు నంబరు ప్రతి గూడెంలో ఒకరి ఫోనులోనైనా ఉండాలి.

రాబోయే గ్రామసభలో ఒక పని చేద్దాం. మీ ఊళ్లో ఎన్ని కొమ్ములున్నాయి, ఏ ఇంటి పేరువాళ్ల దగ్గర ఎన్ని తరాలుగా ఉన్నాయి, ఏ పండగలో బయటికి తీస్తారు అన్నది పెద్దలు చెప్తుంటే రాయండి. ఇళ్ల పేర్లతో కూడిన ఆ రాత ఊరి దగ్గరే భద్రంగా ఉంచండి, తొందరపడి ఎక్కడా పెట్టకండి. ముందు మన తరఫు వకీలుకి చూపించండి. తర్వాత ఇళ్ల పేర్లు లేకుండా "మా ఊరి సంప్రదాయ వస్తువులు రాయించుకోవడానికి సెక్షన్ 40(4) కింద నోటిఫికేషన్ ఇవ్వాలి" అని ఒకే వాక్యం తీర్మానం చేసి కలెక్టరుకి, ఐటీడీఏ పీవోకి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి పంపండి. ఒక ఊరు పంపితే ఫైలు కింద పడుతుంది. వంద ఊళ్లు పంపితే జవాబు చెప్పక తప్పదు.

ఒక నటుడి ఇంటి దంతాల కోసం వెతికి దొరకబుచ్చుకున్న కిటికీ చట్టంలో ఇంకా ఉంది. దాన్ని ఈసారి గెజిట్ సాక్షిగా, పగటి వెలుగులో, గూడెం వైపు తెరవమని అడుగుదాం.

జోహార్.